బందరు గాలి తాగిన పాకం

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎమ్మెస్సీ పాసై బందరులో ఓ కాలేజీలో తాత్కాలిక లెక్చరరుగా చేరానేమో, తెలియకపోవడం పిల్లల వంతనీ, చెప్పడం నా వంతనీ గట్టి నమ్మకం. అంతలో సైన్సు ప్రదర్శన వచ్చిపడింది. వచ్చే ఏడాది నన్ను ఉంచాలా వద్దా అన్నది ప్రిన్సిపాల్ గారు అది చూశాకే తేలుస్తారట. అయస్కాంతాలూ గంటలూ నా స్థాయికి తగవనిపించాయి. మేఘాలకన్నా చాలా ఎత్తున ఆమ్లపు తుంపరలు తేలుతుంటాయి. అవి పల్చగా ఉంటే వాయువులు వాటిలోకి చకచకా ఇంకుతాయి, చలికి చిక్కబడితే ఈడ్చుకుంటూ ఇంకుతాయి. నేను చూపించదలచింది అదీ. అంత ఎత్తుకి వెళ్లలేను కనక, పంచదార పాకంలో నిమ్మరసం పిండి మందారపూల రంగు కలిపాను. అమ్మోనియా సోకితే ఆ ఎరుపు ఆకుపచ్చగా మారుతుంది. ఒక పళ్లెంలో పల్చటి పాకం, ఇంకోదాన్లో ముదురుది.

ముదురు పాకం పట్టిపెట్టింది మా ఇంటి ఓనరు మామ్మగారు (లడ్డూలు చుట్టి కొట్లకి వేసేవారు, పాకం విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు). ముందురోజు సాయంత్రం పళ్లేలకి చీమలు పట్టాయి. దులిపితే మళ్లీ పట్టాయి. విసుగెత్తి, బేసిన్లో నీళ్లు పోసి, మధ్యలో పళ్లేలు పెట్టి, ఈగలు రాకుండా పైన తడిగుడ్డ కప్పాను.

"అబ్బాయీ, అసలే ముసురు గాలి. తడి తగిలితే పాకం నీరుకారిపోతుందయ్యా. మూతున్న డబ్బాలో పెట్టుకో," అన్నారు మామ్మగారు.

ఇది లడ్డూ కాదనీ, పరిశోధన అనీ చాలా ఓపిగ్గా ఆవిడకి నచ్చజెప్పాను.

మర్నాడు రెండు పళ్లేల దగ్గరా అమ్మోనియాలో ముంచిన దూది పెట్టి గాజుగిన్నెలు బోర్లించాను. పల్చటిది ముందు మారాల్సింది, రెండూ ఒక్కసారే పచ్చబడ్డాయి. ముందు వరసలో అమ్మాయి ఆ మాట పైకి అననే అంది. సరిగ్గా చూడమని దాన్ని కసిరి, ఎంత చిక్కగా ఉందో చూపిద్దామని ముదురు పాకం పళ్లెం వంచాను. అది నీళ్లలా జారి ప్రిన్సిపాల్ గారి తెల్ల పంట్లాం మీద పడింది.

ఆయన రుమాలుతో తుడుచుకుంటూ, "ఎందుకిలా అయిందో తెలిస్తే చెప్పండి మాస్టారూ. తెలియకపోతే తెలియదనండి," అన్నారు.

అప్పుడు వెలిగింది, మామ్మగారు ముందురోజు అన్న మాట. పాకం గాలిలోని తడిని తాగి పల్చబడిందనీ, పైన ఆకాశంలోనూ అంతేననీ, చిక్కబడ్డ తుంపరకి తేమ తగిలితే వాయువుకి దారి సులువవుతుందనీ చెప్పేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇది మీరే గమనించారా అని ఆయన అడిగితే అవునన్నాను. ఉద్యోగం నిలబడింది.

ఇంటికెళ్లి, ప్రిన్సిపాల్ గారి ప్రశ్నకి జవాబు చెప్పి ఉద్యోగం నిలబెట్టుకున్నానన్న ఒక్క ముక్కే మామ్మగారికి చెప్పాను. "చదువుకున్న బుర్ర కదయ్యా, సమయానికి అందుకుంటుంది," అని ఆవిడ మురిసిపోయారు. నేను తలూపాను. పాతికేళ్లయినా, నిజమేనన్నట్టు అలా తలూపిన కుర్రాణ్ని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కాసేపటికి నవ్వూ వస్తుంది.