పది స్తంభాల దూరం

దసరా వెళ్లిన తరువాతి ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం కోటప్పకొండ రోడ్డు మొగదాకా వెళ్లేసరికి, రోడ్డంతా పరుగెత్తేవాళ్లతో నిండి ఉంది. రంగురంగుల బనియన్లు, ఛాతీల మీద పిన్నీసులతో గుచ్చిన నంబర్లు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, మగపిల్లల్ని దాటుకుపోతున్న ఆడపిల్లలు, అందరినీ చూస్తుంటే ముచ్చటేసి ప్యాకెట్టు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. గుంపు వెళ్లిపోయాక కాస్త ఎడంగా వస్తున్న కుర్రాడొకడు రొప్పుతూనే, "తాతా, నా వెనక దగ్గర్లో ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. వెనక ఎర్ర బనియను వాడొకడు వస్తూనే ఉన్నాడు, నాకు కనిపిస్తూనే ఉన్నాడు, అయినా చూపు పాల ప్యాకెట్టు మీదికి తిప్పుకున్నాను. ఈ ముసలాయనకు చెవుడు కాబోలు అనుకున్నాడో ఏమో, ఆ కుర్రాడు ముందుకు సాగిపోయాడు.

ఇదే రోడ్డు మీద, ఇవే రోజుల్లో, ఇదే ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఒకటుంది. దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా మోస్తూ వచ్చాను.

అప్పట్లో నేను టెలిఫోన్ల శాఖలో లైన్‌మన్‌ని. ట్రంకు కాల్ కోసం సగం రోజు పోస్టాఫీసు బల్ల మీద కూర్చోవడం మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. గాలివాన వచ్చిందంటే ఆ సగం రోజు కాస్తా మూడు రోజులయ్యేది, ఊరంతా మమ్మల్ని తిట్టిపోసేది, తెగిన తీగ అతికించి కిందికి దిగితే మాత్రం మంచినీళ్లు కావాలా అని అడిగే దిక్కుండేది కాదు. నరసరావుపేట నుంచి కోటప్పకొండ దాకా ఉన్న లైను నాది. ఏ స్తంభం ఎటు ఒరిగిందో, దేని మీద కాకి గూడు ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

మా బావమరిది మా ఇంట్లోనే ఉండేవాడు. మా అత్తగారిది కారంపూడి పక్క ఊరు. ఆవిడ పోయేనాటికి వాడికి అయిదేళ్లు, అప్పటినుంచీ వాణ్ణి పెంచింది మా ఆవిడే. పెళ్లిలో నీకు భార్యతోపాటు ఎదిగిన కొడుకును కూడా ఇచ్చారని మా ఆఫీసువాళ్లు ఆటపట్టించేవారు. పగలంతా పత్తి మిల్లులో దూది కుక్కిన బోరేలు మోసేవాడు, తెల్లారకముందే లేచి కొండదాకా పరుగెత్తి వచ్చేవాడు. బూట్లు లేవు. కొనిపెడతానంటే, "కాలికి బరువు బావా, నాకొద్దు" అనేవాడు. నేల మీద కాలు ఆనిందో లేదో అన్నట్టుండే ఆ పరుగును చూడడానికే నేను కొన్నాళ్లు పొద్దున్నే సైకిలేసుకుని వెంట వెళ్లాను.

ఏటా దసరా సెలవులు అయిపోయాక ఊళ్లో పెద్దలు ఒక దూరపు పందెం పెట్టించేవారు. ఊరి నుంచి కొండ అడుగుదాకా వెళ్లి మళ్లీ ఊళ్లోకి రావాలి. దారిలో నీళ్లిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి పరుగెత్తే ప్రతివాడికీ సైకిలు మీద ఒక మనిషి తోడు రావచ్చు. మనిషిని తాకకూడదు, నీళ్లు అందించవచ్చు, మాట సాయం చేయవచ్చు. వెనక్కి తిరిగి చూస్తే అడుగు చెడుతుందని పరుగెత్తేవాళ్లు అసలు తల తిప్పేవారు కాదు. వెనకవాడు ఎంత దూరంలో ఉన్నాడో చూసి చెప్పాల్సింది సైకిలు మనిషే. నేను లైన్‌మన్‌ని గనుక స్తంభాల లెక్కన చెప్పేవాణ్ణి. నా లెక్క తప్పదని మా బావమరిదికి ఎంత నమ్మకమంటే, మిల్లులో తోటివాళ్లకు కూడా గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ ఏడు పందెం వాడికి ఆఖరి అవకాశం. మొదట వచ్చినవాణ్ణి హైదరాబాదులో జరిగే పోటీకి తీసుకెళ్తానని, అక్కడ రైల్వేవాళ్లు చూసి ఉద్యోగాల్లోకి తీసుకుంటారని హైస్కూలు డ్రిల్లు మాస్టారు మాటిచ్చాడు. పై ఏటికి వాడి వయసు దాటిపోతుంది. అంతకుముందు ఏడు రెండోవాడుగా వచ్చి, గీత దాటగానే కళ్లు తిరిగి పడిపోతే నలుగురం ఇంటికి మోసుకొచ్చాం. అది కళ్లారా చూసిన మా ఆవిడ ఈసారి నేను సైకిలు ఎక్కబోతుంటే హ్యాండిలు పట్టుకుని ఆపింది. "పందెం పోతే పోయిందయ్యా, పిల్లోణ్ణి నాకు తిరిగి తీసుకురా. వాడికి ఒళ్లు తెలవదు, నువ్వే చూసుకోవాల" అంది. సరేనన్నాను.

కొండ దగ్గర మలుపు తిరిగేటప్పటికి మా వాడే ముందున్నాడు. వెనక ఎడ్లపాడు నుంచి వచ్చిన రైతు కుర్రాడొకడు, గట్టి పిండం, వదలకుండా వస్తున్నాడు. ఆ ఏడు వానలు తొందరగా వెనకపట్టాయి, కార్తీకం దగ్గర పడుతున్నా ఎండ చురుక్కుమంటూనే ఉంది, రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలలో గాలన్నది లేదు. సగం దూరం తిరిగి వచ్చామో లేదో మా వాడు పరుగెత్తుతూనే వాంతి చేసుకున్నాడు. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. రోడ్డు మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు తూలుతున్నాడు. అలాంటి స్థితిలోనూ, "ఎన్ని బావా?" అని అడిగాడు.

వెనక్కి చూశాను. మూడు స్తంభాలు. సరిగ్గా మూడే. హ్యాండిలు మీద మా ఆవిడ చెయ్యి ఇంకా ఉన్నట్టే అనిపించింది.

"పదున్నాయిరా. కాసేపు నడువు, నీళ్లు తాగు" అన్నాను.

వాడు నడిచాడు. నా మాట మీద అనుమానమన్నది వాడికి రాలేదు. నీళ్లు తాగాడు, మొహం మీద చల్లుకున్నాడు, నాకు ప్రాణం కుదుటపడింది. మళ్లీ పరుగందుకోబోతే పిక్కలు రెండూ బిగుసుకుపోయాయి. అంతలోనే ఎడ్లపాడు కుర్రాడు మమ్మల్ని దాటేశాడు. మా వాడు నా వంక ఒక్కసారి చూశాడు, కోపంగా కాదు, ఏం జరిగిందో అర్థం కానట్టుగా. ఆ తరువాత కుంటుతూ, ఏడుస్తూ, కుంటుతూనే పరుగెత్తాడు. గీత దగ్గర ఇద్దరికీ మధ్య ఉన్నది పాతిక అడుగులు.

ఇంటికి తీసుకొచ్చాక మా ఆవిడ వాడి తల ఒళ్లో పెట్టుకుని, తమ్ముడు ఓడిపోయినందుకు కాక, బతికి వచ్చినందుకు ఏడ్చింది. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం చూశాక నేను నిజం ఎలా చెప్పను? చెబితే వాడి బతుకు చెడగొట్టింది నేను, నాతో ఆ పని చేయించింది తను అవుతుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మాట మింగేశాను.

నేను ఊహించనిది ఏమిటంటే, వాడు నా లెక్కనే నమ్మి తనను తాను తప్పుపట్టుకున్నాడు. పది స్తంభాల దూరం పోగొట్టుకున్నానంటే ఒళ్లు తెలియకుండా ఎంతసేపు నడిచానో అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. డ్రిల్లు మాస్టారు, అంత దూరం ముందుండి ఓడినవాడిని నేనెక్కడా చూడలేదని మొహం తిప్పుకున్నాడు. మిల్లులో వాడికి 'పది స్తంభాలు' అని పేరే పెట్టేశారు. బోరే కాస్త మెల్లగా మోస్తే చాలు, "ఏందిరా, నడుస్తున్నావా?" అని నవ్వేవారు. నాలుగు నెలలు భరించాడు. ఒకరోజు గుడ్డల సంచి సర్దుకుని పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి పోయాడు. ఆ తరువాత వాడు పరుగెత్తగా నేను చూడలేదు.

బట్టీల్లో ముప్పై ఏళ్లు చేశాడు. పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు, మంచి పిల్ల. పండగలకు మా ఇంటికి వచ్చేవాడు, వచ్చిన ప్రతిసారీ దగ్గు ఇంకాస్త పెరిగి ఉండేది. చివరికి గుంటూరు ఆసుపత్రిలో, ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయని చెప్పారు. కొండదాకా పరుగెత్తి వచ్చి కూడా రొప్పని ఆ మనిషి, మంచం మీద నుంచి లేచి వరండా చివరికి వెళ్లాలంటే నా భుజం పట్టుకుని నాలుగుసార్లు ఆగేవాడు. వరండాకు గుండ్రటి స్తంభాలుండేవి. ఒకరోజు వాటి వంక చూపించి, "ఇంకెన్నున్నాయి బావా?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు: "నువ్వు నడవమన్నా నేను నడవకుండా ఉండాల్సింది బావా. నీ తప్పేం లేదు. నువ్వు చానా సరిగ్గా చెప్పావు. బద్ధకం నాది."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఒరేయ్, మూడేరా, అబద్ధం చెప్పాను, నువ్వు ఎక్కడా ఓడిపోలేదు అనాలి. నోరు తెరిచాను కూడా. అంతలో మా ఆవిడ ఫ్లాస్కుతో కాఫీ తీసుకుని వరండాలోకి వచ్చింది, తమ్ముడి వీపు నిమిరింది. నేను గ్లాసులు కడుగుతానని చెప్పి కొళాయి దగ్గరికి వెళ్లిపోయాను. పదకొండో రోజున వాడు పోయాడు. తప్పు తనదేనని నమ్ముతూనే పోయాడు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద నా స్తంభాలు లేవు. తీగలు చుట్టలు చుట్టి తీసుకుపోయారు, రోడ్డు వెడల్పు చేశారు, ఆ మాట నేను ఏ చోట అన్నానో వెతుక్కుందామన్నా ఆనవాలు దొరకదు. పరుగెత్తేవాళ్ల ముంజేతికి గడియారాలున్నాయి, ఎంత దూరం వచ్చారో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో అవే చెబుతాయట. దారి పొడుగునా నీళ్ల బల్లలు, వెనక ఒక అంబులెన్సు. ఇవేవీ మా రోజుల్లో లేవు. ఉంటే ఒక మనిషి ఇంకో మనిషి మాట మీద అంతగా ఆధారపడాల్సి వచ్చేది కాదు, మా వాడు తన దారిన తాను గెలిచేవాడో, పడిపోయేవాడో, ఏదైనా అది వాడిది అయ్యేది.

మా ఆవిడకు రెండు కళ్లకూ చూపు బాగా తగ్గింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పత్రిక మొదటి నుంచి చివరిదాకా నేనే చదివి వినిపించాలి, లేకపోతే ఊరుకోదు. నేను ఆ పత్రికకే రాసి పంపుతున్న ఇది అచ్చయి వచ్చిన రోజున, ఈ పేజీకి ముందే పత్రిక మడిచేసి, ఇంక చదవడానికేమీ లేదు, అయిపోయింది అని చెబుతాను. సరేనంటుంది. ఆ అక్కాతమ్ముళ్లిద్దరూ ఎప్పుడూ నా మాట నమ్మేవాళ్లే.