దర్జీ బాబాయి మొదటి ప్రశ్న

ఎవరు కొత్త నాటకం చదివినా సరే, అది అయిపోగానే లేచి పనికిమాలిన ప్రశ్న ఒకటి అడక్కపోతే మా వీధి దర్జీ బాబాయికి అన్నం సహించదు.

లైబ్రరీ మేడమీద హాల్లో, ఇంకా పూర్తిగా కుదరని నాటకాల్ని నటులు కుర్చీల్లో కూర్చుని కాగితాలు చూసి చదువుతారు. వేషాల్లేవు, తెరల్లేవు. విన్నవాళ్లు బాగోగులు చెబితే రాసినవాళ్లు ఇంటికెళ్లి దిద్దుకుంటారు. బాబాయి మెడలో టేపుతో ముందు వరసలో తయారు.

"రాజుగారు యుద్ధానికి వెళ్లాడు సరేనయ్యా, గుర్రానికి నీళ్లెవరు పెట్టారు?" అంటాడు. ప్రేమికులు విడిపోయారని సగం హాలు ముక్కులు తుడుచుకుంటుంటే, "ఆ పిల్ల పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది కదా, పొంగలేదూ?" అంటాడు. పాపం, రాసినాయన తల పట్టుకుంటాడు.

అందుకే ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మాయి, తన మొదటి నాటకం చదివే రోజు పొద్దున్నే కుట్టుమిషను ముందు వాలింది.

"బాబాయ్, నీకు దండం పెడతా, ఇవాళ నోరు విప్పకు. నాటక కంపెనీ పెద్దాయన వస్తున్నాడు. జనం దాని గురించి మాట్లాడుకుంటేనే ఆడిస్తాడట."

"ఒక్కటీ అడక్కూడదా? చిన్నది?"

"చిన్నదీ వద్దు."

"సరే తల్లీ, నోరు కుట్టేసుకుంటా."

తన జబ్బు సంగతి కొడుకు దగ్గర దాచిపెట్టే తల్లి కథ అది. చదవడం అయింది. "అభిప్రాయాలు చెప్పండి" అంది లైబ్రరీ మేడమ్. ఒక్కరు కదిలితే ఒట్టు! టీచరమ్మ పక్కావిడ వైపు చూసింది, పక్కావిడ పైకప్పు వైపు చూసింది. పెద్దాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

నర్సమ్మాయి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని రాసుకున్న నాటకం! బాబాయి వైపు చూస్తే, ఇచ్చిన మాట కోసం రెండు చేతులా నోరు మూసుకుని మొహం కందగడ్డ చేసుకుని కూర్చున్నాడు.

"బాబాయ్," అంది నీరసంగా, "అడుగు."

స్ప్రింగులా లేచాడు. "డాక్టరు గొడుగుతో వచ్చాడన్నావ్. పోయేటప్పుడు మర్చిపోయాడా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే టీచరమ్మ లేచింది. "గొడుగు సంగతి అలా ఉంచండి. ఏ తల్లైనా కన్నకొడుక్కి అంత అబద్ధం చెబుతుందా?"

"నేను చెప్పానండీ," అంది వెనక వరసలో ముసలావిడ.

"చెప్పి ఏం బావుకున్నారు?" అన్నాడు బస్సు డ్రైవరు. "మా అమ్మ అలాగే దాచింది. ఇప్పటికీ నాకు కోపం పోలేదు!"

ఇంకేముంది, ఒకళ్ల మాట ఒకళ్లకి వినబడితేగా! పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వెళ్లేముందు, "చివర్లో తల్లి మాటలు కాస్త తగ్గించమ్మా. ఆడిద్దాం," అన్నాడు.

మెట్లు దిగుతూ నర్సమ్మాయి బాబాయిని నిలదీసింది. "గొడుగు తీసుకెళ్లాడని రాశాగా! వినలేదా?"

"వినకేం? చంకలో పెట్టుకుని మరీ పోయాడు."

"మరెందుకు అడిగావ్?"

"అందరికీ మాట్లాడాలనే ఉంటుందే. నవ్వుతారని భయం. ఆ నవ్వేదో ముందే నన్ను చూసి నవ్వేస్తే, ఇక వాళ్లకి బెంగేముంది?"

నర్సమ్మాయి మెట్టు మీదే ఆగిపోయింది. బాబాయి మాత్రం దిగుతూనే ఉన్నాడు.

"అది సరే గానీ, వచ్చేనెల ఇంజనీరుగారి నాటకం. అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయట, నాకేమీ తోచి చావట్లేదు. డ్యూటీలో ఖాళీ దొరికితే, కాస్త బుర్రతక్కువ ప్రశ్న ఒకటి ఆలోచించి పెడుదూ!"