సీలమ్మ చేసిన కార్డు

ముప్పై ఏళ్లు ఒకే బల్ల ముందు కూర్చుని, వచ్చిన ప్రతి కాగితం మీదా ఠప్పుమని సీలు కొట్టిన చెయ్యి అది. ఆఫీసులో పై అధికారితో సహా అందరూ ఆమెను సీలమ్మ అనే అంటారు. అలాంటి చేతికి ఒక చిన్న పువ్వు ఒత్తడం రాలేదంటే వినేవాళ్లు నవ్విపోరూ?

ఈ కార్డు పని మొదలుపెట్టి ఇది నాలుగో ఆదివారం. వంటింటి బల్ల మీద ఎర్ర ఇంకు ప్యాడు, ఆకుపచ్చది ఇంకోటి, పువ్వు అచ్చు, ఆకు అచ్చు, పక్కన పాడైపోయిన అట్టల బొత్తి. మెల్లగా ఒత్తాలని ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం? లేచిన చెయ్యి ఠప్పుమనే దిగుతుంది, పువ్వు కాస్తా ముద్దవుతుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

"నెమ్మదిగా ఒత్తవే. అది ఫైలు కాదు," అన్నాడు భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా.

"మీరు ఆ పేపరు చూసుకోండి, చాలు."

"ఇంత తంటా ఎందుకు? వెళ్లి ఒక్క మాట అంటే పోలా?"

ఆమెకు ఒళ్లు మండేది సరిగ్గా ఈ మాటకే. అనగలిగితే ఇదంతా దేనికి? రెండేళ్ల కిందట అమ్మ పోయాక, అమ్మ కుట్టుమిషన్ను అక్కకు చెప్పకుండా తెచ్చేసుకుంది. అక్క అడిగితే, "నీకెందుకక్కా, నీకు గుండీ కుట్టడం కూడా రాదుగా" అని పదిమందిలో అనేసింది. ఆనాటి నుంచి అక్క మాట్లాడలేదు. తప్పు తనదేనని సీలమ్మకు ఆ రోజే తెలుసు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. క్షమాపణ గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. నోటితో అనలేనిది రాసి చేతికిచ్చేస్తే సరిపోతుందనుకుంది. అక్కకు అరవై నిండేది ఈరోజే. ఈరోజు తప్పితే ఇక ఎప్పటికీ వెళ్లలేనని ఆమె భయం.

ఒక అట్ట మీద పువ్వు బాగానే పడింది. హమ్మయ్య అనుకునేలోపు అలవాటు కొద్దీ దాని కింద పొడి సంతకం పెట్టి తేదీ వేసేసింది.

"ఆ చేత్తోనే నంబరు కూడా వెయ్యి," అన్నాడు భర్త.

మిగిలింది ఒకే ఒక అట్ట. విసుగెత్తిపోయి అచ్చును ఎడంచేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి ఏనాడూ ఉద్యోగం చెయ్యలేదు కదా, మెల్లగానే ఆనించింది. పువ్వు వంకరగా పడినా పువ్వులాగే ఉంది. లోపల, "తప్పు నాదే అక్కా. నాతో మాట్లాడు" అని రాసింది.

బస్సెక్కి అక్క ఇంటికి వెళ్లి, తలుపు తీసిన అక్క చేతిలో కార్డు పెట్టింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు దాకా తెచ్చుకుని, దించేసింది.

"ఏం రాశావు ఇందులో?"

"చదువుకో."

"నువ్వే చెప్పు."

బతిమాలించుకోవాలని చూస్తోందని సీలమ్మకు చిర్రెత్తుకొచ్చింది. వెనక్కి తిరగబోయింది.

"కళ్లు మసకేసి ఎనిమిది నెలలైందే," అంది అక్క. "ఏదో ఎర్రగా ఉందని మాత్రం తెలుస్తోంది. చదువు."

ఎనిమిది నెలలు. బస్సులో పావుగంట దూరం, తను ఒక్కసారైనా రాలేదు. సీలమ్మ గడప మీదే నిలబడి కార్డు అందుకుని తెరిచింది. పైకి చదివింది.

"మళ్లీ చదువు," అంది అక్క.

అక్క చెవులకేం కాలేదని తెలిసి కూడా సీలమ్మ మళ్లీ చదివింది.