ఎర్రబడని ఎర్రనీళ్లు

మా అక్క ఆసుపత్రి నుంచి పసిబిడ్డతో వచ్చిన రోజున, నేను చదివిన బీయస్సీ కెమిస్ట్రీ మొదటిసారి ఇంటికి పనికొచ్చింది. దానికి మళ్లీ అంత పని పడలేదు.

ఆటో దిగి అక్క గుమ్మం బయట నిలబడింది. పొట్టమీద కుట్లు, నెత్తిన ఎండ. ఎర్రనీళ్లతో దిష్టి తీస్తేగానీ లోపలికి రాకూడదు. అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, సున్నం కలిపింది. నీళ్లు పచ్చగానే ఉన్నాయి. ఇంకో గుప్పెడు కలిపింది. పచ్చగానే, కాకపోతే కాస్త చిక్కగా ఉన్నాయి.

అమ్మ మొహం పాలిపోయింది. "ఎప్పుడూ ఇట్ట కాలేదే. బిడ్డకేమన్నా కీడేమోరా!"

"అమ్మా, నేను కూర్చోనా?" అంది అక్క.

"లోపలికొచ్చినాక కూర్చుందువులే."

సున్నం ఎక్కడిదని అడిగాను. రొయ్యల గుంటలో చల్లడానికి నాన్న తెచ్చిన బస్తాలోదట. మా ఊళ్లో కిళ్లీ కొట్టు పోయి రొయ్యల మేత కొట్టు వచ్చాక, సున్నమంటే అదే. చెంచాడు పొడి మీద నిమ్మకాయ పిండాను. బుస్సుమని పొంగింది.

"చూసినావా? గ్యాసొస్తా ఉంది. ఇది సుద్దపొడి. పసుపు ఎర్రబడాలంటే ఆకుకు రాసే సున్నం కావాల. తప్పు బస్తాది, బిడ్డది కాదు."

"మూడేళ్లు ఫీజులు కట్టింది నిమ్మకాయ పిండేదానికా? ముందు ఆ సున్నం తెచ్చియ్యి!"

నా శాస్త్రం అక్కడితో ఆగింది. మంచం మీద అవ్వ, అంటే నాన్న వాళ్లమ్మ, కదిలింది. డాక్టరు వద్దన్నాక అవ్వ ఆకూవక్కా మానేసిందని అమ్మ వీధంతా గొప్పగా చెప్పుకుంది. అవ్వ ఒకసారి అమ్మ వైపు, ఒకసారి ఎండలో ఉన్న అక్క వైపు చూసి, బొడ్లోంచి చిన్న సున్నం డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"పాతదిరా. పారేసేది మర్చిపోయినా."

సున్నం తడిగా, తాజాగా ఉంది. గోరంత వేయగానే నీళ్లు కుంకుమలా ఎర్రబడ్డాయి. అమ్మ దిష్టి తీసింది. అక్క లోపలికొచ్చి కూర్చుంది.

అమ్మ డబ్బా సంగతి అడగబోయి, బిడ్డను చూసి ఎత్తుకుంది.

సాయంత్రం అవ్వ నోరు ఎర్రగా పండి ఉంది. వక్కా సున్నం కలిసినా రంగు మారుతుంది, దాచలేం. అమ్మ బిడ్డను అవ్వ ఒళ్లో పడుకోబెడుతూ ఎదురుగానే ఉన్న ఆ ఎరుపును గుర్తుపట్టలేదు. పాపం, కెమిస్ట్రీ చదవలేదు కదా.