అత్తమ్మ చేతికి తెలిసిన గుర్రం

మొన్న మనవరాలు కొత్తగా కొనుక్కున్న ఆటపెట్టె విప్పి, అందులోని బరువైన చెక్కబొమ్మలను ఒక్కొక్కటిగా నా అరచేతిలో పెడుతుంటే, ఆటకు ఇంత హంగు దేనికని నా ఈడు వాళ్లు అనే మాట నా నోటికి రాలేదు. కొత్తకోటలో మా అత్తమ్మ గుర్తుకొచ్చింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం వంటపని కాగానే మేమిద్దరం వసారాలో సుద్దముక్కతో గళ్లు గీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లం. నాలుగు గవ్వలు, ఆమె కాయలు చింతగింజలు, నావి గాజుముక్కలు, అంతకు మించి ఏం కావాలి అనుకునేవాళ్లం. తర్వాత షుగరు వల్ల ఆమె చూపు మసకబారి, చివరికి పూర్తిగా పోయింది. గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో వేళ్లతో తడిమి చెప్పగలిగేది గాని, సుద్దగీతలు చేతికి తెలియవు, ముట్టుకుంటే గింజలు జరిగిపోతాయి. అందుకని ఆమె కాయలూ నేనే జరిపేదాన్ని. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు గవ్వలు నా ఒళ్లో పోసి, "రెండు దిక్కులా నువ్వే ఆడుతున్నవు బిడ్డా. నేను ఉత్తగ కూసుంటున్న" అంది. మర్నాటి నుంచి పిలిచినా రాలేదు. తినగానే గోడవైపు తిరిగి పడుకునేది.

బెంగళూరుకు లారీ నడిపే మా మరిది ఈ సంగతి విని, అక్కడి నుంచి వస్తూ వస్తూ లక్కపూత పూసిన చెక్క ఆట ఒకటి తెచ్చాడు. గడికీ గడికీ మధ్య చిన్న గట్టు, కాయ కదలకుండా నిలవడానికి గుంటలు, ఒకరివి గుర్రాలు, ఒకరివి ఏనుగులు. సోకుకు తెచ్చాడనుకున్నాను. అత్తమ్మ ఆ పలకను చాలాసేపు తడిమి, గుర్రం చెవులు పట్టి చూసి, గవ్వలు అడిగింది. ఎవరి సాయమూ లేకుండా గళ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి, నా ఏనుగు తొండం వేళ్లకు తగలగానే దాన్ని పైకి తీసి నా చేతిలో పెట్టి, "గిది సచ్చింది. ఇంటికి తీస్కపో" అంది. కాయ పోగొట్టుకుని అంత సంతోషపడటం నేనెరుగను.

ఆ తర్వాత ఆ నునుపైన బొమ్మలు చూడ్డానికని వచ్చిన వీధి ఆడవాళ్లు ఆటకే ఉండిపోయేవారు, నా వంతు కోసం నేనే కాచుకోవలసి వచ్చేది. పోయేదాకా అత్తమ్మ ఆ ఆట వదల్లేదు.

మనవరాలి పెట్టె అంతకంటే ముచ్చటగా ఉంది, ఆరుగురు ఆడొచ్చట. కూలర్ల చప్పుడులో తలుపులన్నీ మూసుకున్న ఈ వీధిలో మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చున్నాం. ఆటలు ఇంత బాగుపడిన ఈ రోజుల్లో, నా వంతు ఎప్పుడని తోసుకొచ్చి పక్కన చతికిలబడే మనుషులే కరువయ్యారు.