టిక్కు పెట్టిన పాట

మా ఇంటి కంప్యూటర్‌లో నేను ప్రాణంగా చూసుకునేది ఒక్క పాటను. మా అవ్వ పాడింది. అవ్వ అంటే మా వైపు అమ్మే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పాత క్యాసెట్టు మీది ఆమె గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. తరువాత క్యాసెట్టు నలిగిపోయింది. ఇక ఈ పెట్టె పాడైతే అంతే సంగతులు!

అందుకే కోడలిని కూర్చోబెట్టి బ్యాకప్ ఏర్పాటు చేయించాను. వారం వారం కొత్తగా చేరినవి మాత్రమే ఒక డిస్కులోకి పోతాయి. నెలకోసారి మొత్తానికి మొత్తం ఇంకో డిస్కులోకి ఎక్కుతుంది. ఎక్కినాక ఆ రెండో డిస్కు చేవెళ్లకు పోయి మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఉంటుంది.

"అయిపోయింది అత్తమ్మా. పచ్చ టిక్కు పడ్డది, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నది కోడలు.

"టిక్కు సంగతి నాకు చెప్పకు. డిస్కుల నుంచి పాట తీసి వినిపియ్యి."

"కంప్యూటర్ మీద గూడ నమ్మకం లేదా మీకు?"

"కంప్యూటర్ మీద ఉన్నదే తల్లీ, టిక్కు మీదనే లేదు."

ఎందుకు లేదో చెప్పాలంటే కనకమామిడిలో నా చిన్నతనానికి పోవాలి. అవ్వ మా చర్చిలో పాట ఎత్తుకునేది. ఊరికే పాడటం కాదు, సొంతంగా కట్టేది కూడా. చదివింది మూడో తరగతే అయినా చేతిరాత ముత్యాలు. పాటలన్నీ ఒక లావు నోటుబుక్కులో రాసుకునేది. దానికి నకలుగా ఇంకో నోటుబుక్కు చేవెళ్లలో పెద్దమ్మ దగ్గర ఉండేది. కొత్త పాట కడితే కాగితం మీద రాయించి, అటు పోయేవాళ్ల చేతికిచ్చి పంపేది. పెద్దమ్మ దాన్ని నకలులో అంటించేది. ఏడాదికోసారి మాత్రం మొదటి నుంచి మొత్తం కొత్త బుక్కులో రాయాల్సిందే. అది చేరగానే చిరిగిన పాత నకలు పెద్దమ్మ పొయ్యిలోకి పోయేది.

"రెండూ గీడనే పెడితే వానకు రెండూ తడుస్తయి గదనే," అనేది అవ్వ.

రాసే పని నాది. మొదటిసారి నకలు అనగానే హడలిపోయాను. బడిలో నకలు కొడితే వీపు విమానం మోత మోగేది మరి!

"నకలు కొడితే సారు కొడ్తడు అవ్వా!"

అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "గది వేరే నకలు, పిచ్చిదానా. గీ నకలు నువ్వెంత కొడితే నాకంత ఖుషీ."

అందులో ఒక నియమం ఉండేది. రాసినాక అసలు పుస్తకం మూసేసి, నకలు చూస్తూ పాట మొత్తం పాడాలి. తప్పు లేకుండా పాడగలిగితేనే పక్కన టిక్కు పెట్టాలి.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. బస్సులు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. "బడి లేదు గద, మొత్తం నకలు ఇప్పుడే రాసెయ్యి," అన్నది అవ్వ. చెయ్యి పడిపోయేలా రాశాను. చివరికి ఒక్క పాట మిగిలింది. నేను పుట్టినప్పుడు నా మీద కట్టిన పాట, మూడు చరణాలు. రెండు రాసేసరికి రోడ్డు మీద "జై తెలంగాణ" కేకలు వినపడ్డాయి. మొయినాబాద్ వైపు నుంచి చదువుకునే పిల్లలు ఊరేగింపుగా వస్తున్నారు. ఇంక నా కాళ్లు నిలుస్తాయా! మూడోది వచ్చి రాద్దామనుకుని ముందే టిక్కు పెట్టేశాను.

"పాడి చూసినవా?" అని వంటింట్లో నుంచి అడిగింది అవ్వ.

"ఆఁ, చూసిన! టిక్కు గూడ పెట్టిన!" అని ఒక్కటే పరుగు.

తిరిగి వచ్చేసరికి నకలు ఇంట్లో లేదు. చేవెళ్లకు ఎవరిదో ఎడ్లబండి పోతుంటే అవ్వ అందులో పంపేసింది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు రాద్దామనుకున్నాను. సిగ్గులేనిదాన్ని, మరిచిపోయాను.

ఆ వానాకాలం మా మట్టిగోడ కూలి, అసలు పుస్తకం బురదలో కలిసిపోయింది. అవ్వ ఏడవలేదు. "నకలు ఉన్నది గద," అని నన్ను వెంటబెట్టుకుని చేవెళ్లకు బయలుదేరింది. పెద్దమ్మ ఇంట్లో ఆమె ఒక్కో పేజీ తిప్పుతుంటే నాకు ముందే పెట్టేసిన టిక్కు గుర్తొచ్చింది. చివరి పేజీ దగ్గర ఆగింది. రెండు చరణాలు, కింద ఖాళీ, పక్కన నా టిక్కు. దాన్ని వేలితో ఒకసారి తడిమింది. నా వైపు చూడను కూడా చూడలేదు. పుస్తకం మూసి, "అన్నీ ఉన్నయక్కా," అన్నది పెద్దమ్మతో.

తిట్టినా, రెండు తగిలించినా బాగుండేది. మూడో చరణం ఆమెకు మళ్లీ ఎన్నడూ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

ఇప్పుడు కోడలు చేవెళ్లకు పోవాల్సిన డిస్కులో నుంచి పాట పెట్టింది. అవ్వ గొంతు గదంతా నిండింది. మొదటి చరణం అయింది, రెండోది అయింది. తరువాత కాసేపు మాటల్లేని రాగం. అక్కడ ఆగి అవ్వ నవ్వుతుంది. "మూడోది నా బిడ్డ దగ్గర ఉన్నది. టిక్కు పెట్టింది గద," అంటుంది.

"మొత్తం వచ్చిందా అత్తమ్మా? ఏమన్న పోయిందా?" అని అడిగింది కోడలు.

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"అన్నీ ఉన్నయి బిడ్డా," అన్నాను.