కేకు తినని ముసలమ్మ

2013 వేసవిలో నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళం డివిజనుకు ఆహార భద్రతా అధికారిగా బదిలీ చేశారు. ఉద్యోగ విరమణకు అప్పటికి రెండేళ్ల పైచిలుకు ఉంది. నేను సర్వీసులో చేరిన రోజుల్లో ఈ ఉద్యోగాన్ని ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనేవారు. 2011లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక పేరు మారింది, ఫారాలు మారాయి, పని పెరిగింది, మనుషులు మాత్రం పెరగలేదు. నా కింద ఒక అటెండరు, అప్పన్న. నా పైన జిల్లాకు ఒక డెసిగ్నేటెడ్ ఆఫీసరు. మేం డీవో అంటాం. శాంపిల్ తీయడం నా పని. దాని మీద కేసు నడపాలా వద్దా అన్నది ఆయన పని.

పాలకేంద్రాలు, నూనె మిల్లులు, హాస్టళ్లు, జాతర కొట్లు, పాత కేసుల కోర్టు వాయిదాలు, అన్నిటికీ నేనొక్కణ్ణే. మోకాళ్ల నొప్పులు అప్పటికే మొదలయ్యాయి. బస్సు ఎక్కేటప్పుడు సీసాల సంచి అప్పన్న పట్టుకునేవాడు, దిగేటప్పుడు నన్ను పట్టుకునేవాడు. ఏ పనైనా చేసి మూసేయాలనే తప్ప, తెలుసుకోవాలనే ఆశ ఆ రోజుల్లో నాకు పెద్దగా లేదు. జరిగినదానికి ఇది కొంతవరకు కారణం కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ ఏడాది కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున్నే డీవో ఫోన్ చేశారు. కళింగపట్నం దగ్గర ఒక ఊళ్లో ముందురోజు మధ్యాహ్నం ఒక బాబు మొదటి పుట్టినరోజు చేశారు. సాయంత్రానికి పాతికమందిదాకా వాంతులతో ఆరోగ్య కేంద్రంలో చేరారు. కేకు తినడంవల్లేనని బాబు మేనమామ ఫిర్యాదు ఇచ్చాడు. ఒక పత్రిక జిల్లా పేజీలో కూడా అలాగే వచ్చింది. వెంటనే వెళ్లి శాంపిళ్లు తీయమన్నారు.

మేం వెళ్లేసరికి మేనమామ వీధిలోనే నిలబడి ఉన్నాడు. పక్క ఊళ్లో అతనికి మిఠాయి దుకాణం ఉంది. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. రాత్రంతా రోగుల దగ్గరే ఉన్నాడట.

"కేకే సార్, ఇంకేటీ కాదు. బయట్నుంచి తెచ్చినది అదొక్కటే. మిగతాయన్నీ మన ఇంటివే," అన్నాడు.

వంటల్లో ఏమైనా మిగిలిందా అని అడిగాను. ఏమీ మిగల్లేదు. ముందురోజు సాయంత్రమే ఆడవాళ్లు గిన్నెలు, పళ్లేలు అన్నీ తోమి బోర్లించేశారు. పందిరి కూడా విప్పేశారు. సగం కేకు మాత్రం ఒక అట్టపెట్టెలో, ఎవరో బంధువుకు పంపాలని, అలమరలో దాచి ఉంది. అదే తీసుకున్నాను. దొరికిందాన్నే పరీక్షిస్తాం. దొరకనిదాన్ని పరీక్షించే ఫారం మాకు లేదు.

కేకు చేసినావిడ పేరు ఎస్తేరు రాణి. ఆమదాలవలసలో ఉంటుంది. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. మిషన్ బడి హాస్టల్లో వార్డెనుగా పనిచేసి మానేసింది. వాళ్లమ్మ ఒకప్పుడు మిషన్ బంగళాలో వంటమనిషి. ఇసక పోసిన డేకిసాలో గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసి కేకు కాల్చడం కూతురికి నేర్పింది. నేను చూసేనాటికి ఆ డేకిసా మూల చేరి, దాని చోట చిన్న కరెంటు ఓవెన్ వచ్చింది. పలాస జీడిపప్పు, ఎండు ద్రాక్ష వేసిన కేకులు, బెల్లం కొబ్బరి బిస్కెట్లు చేసి అమ్మేది. క్రిస్మస్ నెలలో వచ్చే ఆర్డర్లే ఏడాదంతటికీ ఆధారం. మేం వెళ్లింది ఆ నెలకు సరిగ్గా ముందు.

వంటగది శుభ్రంగా ఉంది. ఆ పెచ్చులూడిన ఇంట్లో అంత శుభ్రత ఎలా నిలబెట్టిందో నాకు అర్థం కాలేదు. అదే రోజు, అదే పిండితో చేసిన ఇంకో కేకు ఆవిడ దగ్గరుంది. దాన్నీ తీసుకుంటున్నట్టు ఫారం 5ఎ నోటీసు ఇచ్చాను. పద్ధతి ప్రకారం శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి, పొడి సీసాల్లో పెట్టి, కాగితం చుట్టి, డీవో సంతకం, కోడు నంబరు ఉన్న చీటీ అడుగు నుంచి పైదాకా అంటించి, దారం కట్టి, లక్కతో నాలుగు చోట్ల సీలు వేయాలి. ఒకటి ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షించే ఫుడ్ ఎనలిస్టుకు, రెండు డీవోకు. నాలుగోది, అమ్మినవారు కోరితే, వేరే ప్రయోగశాలకు. ఆవిడ పక్కనే నిలబడి అంతా చూసింది. భయపడుతూనే, నాలుగు ఎందుకు, సీలు విరిగితే ఏమవుతుంది, కోడు ఎవరికి తెలుస్తుంది అని అడిగింది. ఇలా అడిగినవాళ్లను నా సర్వీసులో అంతకు ముందు చూడలేదు.

రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగాను. ఇంట్లో చేసి అమ్మినా అది ఉండాలి. అలాంటిది ఒకటుందని కూడా ఆవిడకు తెలియదు. అది వేరే నేరం. రాసుకున్నాను.

బల్ల మీద చేతిరాత కాగితాలు కొన్ని ఉంటే, ఆర్డర్ల పుస్తకమేమోనని తీశాను. అవి కథలు. ఒక మాసపత్రికకు రాస్తానని సిగ్గుపడుతూ చెప్పింది. అపరాధ పరిశోధనే, కాని హత్యలుండవు, రక్తం ఉండదు. స్టేషన్ రోడ్డులో మెస్సు నడిపే పైడమ్మ అనే ఆవిడ వాటిలో డిటెక్టివు. పెళ్లింట్లో కొబ్బరి లౌజుల పళ్లెం మాయమైతే, ఎవరి చేతులు పచ్చకర్పూరం వాసన కొడుతున్నాయో చూసి పట్టుకుంటుంది. కేకు ఓవెన్‌లో ఉన్నంతసేపూ వంటగది వదలడానికి లేదు, ఆ సమయంలో కూర్చుని రాస్తానంది. నేను కాగితాలు తిరిగి పెట్టేసి, పంచనామా మీద సాక్షి సంతకం పెట్టించుకుని బయటపడ్డాను.

నాలుగు రోజుల తరవాత ఆవిడే శ్రీకాకుళంలో మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఒక రూళ్ల కాగితం. ఈ నాలుగు రోజులూ ఆవిడ ఆరోగ్య కేంద్రానికీ, ఆ ఊరికీ తిరిగింది. మొదటిరోజు గుమ్మంలోనే తిట్టి పంపేశారట. రెండోరోజు రోగులకు కొబ్బరి బోండాలు పట్టుకెళ్లి, తిట్లు పడుతూనే కూర్చుని, ఒక్కొక్కరినీ ఏం తిన్నారో అడిగింది. కాగితం మీద పేర్లు వరసగా ఉన్నాయి. ఎదురుగా కేకు, భోజనం, కోవా అని మూడు గళ్లు.

"నా కథల్లో పైడమ్మ ముందు తిన్నోళ్లని అడగదు బాబూ, తిననోళ్లని అడుగుతాది. నేనూ అదే సేసినాను. సూడండి," అని వేలు పెట్టి చూపించింది.

పుట్టినరోజు పాట పాడటానికి వచ్చిన నలుగురు చర్చి పిల్లలు కేకు తిని, భోజనానికి ఆగకుండా వెళ్లిపోయారు. నలుగురికీ ఏమీ కాలేదు. ఆటో నడిపే ఒకాయన కేకు తిన్నాడు, భోజనం చేశాడు. సుగర్ ఉందని కోవా మానేశాడు. అతనికీ ఏమీ కాలేదు. బాబు నాయనమ్మ కార్తీకమాసం కాబట్టి గుడ్డు ఉందని కేకు ముట్టుకోలేదు. కోవా మాత్రం రెండు బిళ్లలు తింది. అందరికన్నా ఎక్కువ వాంతులైంది ఆ ముసలమ్మకే.

"గుడ్డు ముట్టని ముసలమ్మకి నా కేకు ఎలాగ సోకినాది బాబూ? ముందు అది సెప్పండి," అంది ఎస్తేరమ్మ.

కోవా ఎవరు తెచ్చారని అడిగాను. మేనమామ తన దుకాణం నుంచి పుట్టినరోజుకు ముందురోజే తెచ్చి పెట్టాడట. అతను అబద్ధమాడాడని ఈనాటికీ అనలేను. సొంత దుకాణం సరుకును అతను ఇంటిదానిగానే లెక్కేసుకున్నాడు. దాని మీద అతనికి అనుమానమే రాలేదు.

ఆ కాగితం చదవగానే నాకు సంగతి అర్థమైంది. బాగా కాల్చిన పొడి కేకు అంత తొందరగా అంతమందిని పడగొట్టడం అరుదు. చేతులతో నలిపి చేసి, చల్లబరచకుండా ఒక రాత్రి ఉంచిన కోవా పడగొట్టగలదు. మాకు శిక్షణలో చెప్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. కాగితం డీవో దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన మంచి అధికారి. రెండుసార్లు చదివి, ఇది కేసులో ఉన్న మనిషి తనకోసం తాను రాసుకున్నది కదా అన్నారు. ఫైల్లో పెడితే మనమే ఆవిడ తరఫున వాదిస్తున్నట్టు ఉంటుందన్నారు. కావాలంటే ఆ దుకాణం తనిఖీ చేసి రండి, మీ ఇష్టం అన్నారు.

వెళ్దామనుకున్నాను. ఆ వారం కోర్టులో రెండు వాయిదాలు. పై వారం హాస్టళ్ల తనిఖీ. ఆపై మోకాలికి కట్టు. ఎన్నిసార్లో అనుకున్నాను, వెళ్లలేదు. కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టాను.

ఎనలిస్టు రిపోర్టు క్రిస్మస్ దాటాక, జనవరిలో వచ్చింది. రెండు శాంపిళ్లూ ప్రమాణాలకు తగినట్టే ఉన్నాయి. కేకు కేసు మూసేశాం. రిజిస్ట్రేషన్ లేనందుకు వేసిన జరిమానా మాత్రం నిలిచింది. రిపోర్టు నకలు పోస్టులో పంపవచ్చు. నేనే తీసుకెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు సరిగా తెలియదు.

ఓవెన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆ క్రిస్మస్‌కు ఆవిడకు వచ్చిన ఆర్డర్లన్నీ ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. ఈసారి ఇంటికి చుట్టాలొస్తున్నారనీ, ఈసారి కేకు చేయడం లేదనీ చెప్పారు. వాళ్ల పాస్టరుగారి భార్య కూడా విశాఖ నుంచి బేకరీ కేకు తెప్పించుకున్నారు. ఎస్తేరమ్మ రిపోర్టు చదివి, మడిచి, బైబిల్లో పెట్టుకుంది. కథలు రాస్తున్నారా అని అడిగాను, ఇంకేం మాట్లాడాలో తోచక. దీన్నే రాద్దామని కూర్చున్నాననీ, ముగింపు కుదరడం లేదనీ చెప్పింది.

"కథలోనైతే సివరికి ఎవుడో ఒకడు ఒప్పుకుంటాడు బాబూ. ఇక్కడ గిన్నెలు కడిగేసినారు. ఇంక ఒప్పుకోడానికి ఏటున్నాది?"

రిజిస్ట్రేషన్ దరఖాస్తు నా చేత్తోనే నింపి ఇచ్చి వచ్చాను.

మార్చిలో నరసన్నపేట వైపు ఒక ఊళ్లో సీమంతం చేసుకున్న ఇంట్లో మళ్లీ వాంతులు మొదలయ్యాయి. ఈసారి ఫోన్ రాగానే బయలుదేరాను. ఊళ్లో దిగీదిగగానే, గిన్నెలు కడగవద్దని చెప్పమని అప్పన్నను ముందు పంపించాను. అక్కడ ఎవరు ఏది తినలేదో అడిగాను. పదిమందిని అడిగేసరికి కోవా తేలింది. పెట్టె మీద అదే దుకాణం పేరు. పెట్టెలో మిగిలినదీ, దుకాణంలో ఉన్నదీ, రెండూ తీసి సీలు వేశాను. రెండూ సురక్షితం కానివని ఎనలిస్టు తేల్చారు. సీమంతం చేయించుకున్న అమ్మాయికి ఏడో నెల. నాలుగు రోజులు జిల్లా ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. తల్లీ బిడ్డా దక్కారు. దక్కరేమోనని రెండోరోజు డాక్టరు ఇంటివాళ్లకు చెప్పినప్పుడు నేను ఆ వరండాలోనే, వాంగ్మూలం కాగితాలతో, కూర్చుని ఉన్నాను.

దుకాణం మూయించాం. ఆ మేనమామ నన్ను ఎదిరించలేదు. తన మేనల్లుడి పుట్టినరోజునాటి కోవా కూడా ఇలాంటిదేనా సార్ అని మాత్రం అడిగాడు. అయ్యుండొచ్చు, ఇప్పుడు రుజువు చేయలేం అని చెప్పాను. అతను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు.

సొరుగులోని రూళ్ల కాగితాన్ని కొత్త ఫైలుకు జతచేశాను. డీవో ఈసారి ఏమీ అనలేదు. ఆ సంగతి ఎస్తేరమ్మకు చెప్పాలి కాబట్టి వెళ్లి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముందుగా ఆ అమ్మాయి ఎలా ఉందని అడిగింది.

"అప్పుడే ఆ కాయితం పైల్లో పెట్టుంటే, ఆ పిల్లకి ఈ పాట్లు తప్పును గదా బాబూ," అంది. కోపంగా కాదు. లెక్క సరిచూసుకున్నట్టు అంది.

తరవాతి క్రిస్మస్‌కు రిజిస్ట్రేషన్ నంబరు అట్టపెట్టెల మీద వేసి ఆవిడ మళ్లీ కేకులు మొదలుపెట్టింది. పాతవాళ్లలో సగం మందే తిరిగి వచ్చారని అప్పన్న చెప్పాడు. కోవా కథ కూడా అచ్చయింది. పైడమ్మ మూడు గళ్ల కాగితం గీసి, సాయంత్రంలోగా నిజం తేలుస్తుంది. మిఠాయి వ్యాపారి ఏడ్చి ఒప్పుకుంటాడు. ఆ కథలో ప్రభుత్వ అధికారి ఎవరూ లేరు. నేను రెండుసార్లు చదివాను. దుకాణం మీద పెట్టిన కేసు నేను రిటైరయ్యేనాటికి ఇంకా వాయిదాల్లోనే ఉంది.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. వాళ్లకు చెప్పేది ఇదే. ఎస్తేరమ్మ ఫైల్లో నేను చేసిన ప్రతి పనీ చట్టప్రకారం సరైనది. సీళ్లు సరైనవి, సెక్షన్లు సరైనవి. ఆ ఊళ్లో ఏం జరిగిందన్నది మాత్రం ఆ ఫైల్లో లేదు. సీసాలో పెట్టినదాని సంగతే ప్రయోగశాల చెబుతుంది. సీసాలో పెట్టవలసింది ఏదో మనుషులు చెబుతారు. ఏది తినకుండా బాగున్నవాళ్లెవరో, అనుమానించినది తినకుండానే జబ్బుపడ్డవాళ్లెవరో ముందు అడగాలి. విన్నది ఎవరు చెప్పినా సరే, కాగితం మీద పెట్టి పైకి పంపాలి. పైవాళ్లు తోసిపుచ్చితే అది వాళ్ల సంతకంతో ఉంటుంది. సొరుగులో ఉండిపోయిన కాగితానికి మాత్రం బాధ్యత సొరుగు తాళం ఎవరి దగ్గరుంటే వారిదే.